వరద తీశాక మిగిలిన బురద ఎక్కడికి పోవాలి?

విజయవాడ సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు ఒకటి ఊహించుకోండి. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా, మొత్తం ఆరు వందల చదరపు అడుగులు. వరద తీసేసరికి నేల మీద రెండు అంగుళాల బురద మిగిలింది. రెండు అంగుళాలే కదా అనిపిస్తుంది. లెక్క కడితే అది వంద ఘనపుటడుగులు. ఇల్లు కట్టించినవాళ్ళకు ఈ అంకె బాగా గుర్తుంటుంది, ఇసుక బేరంలో ఒక యూనిట్ అంటే ఇంతే. ట్రాక్టర్ ట్రక్కు నిండా ఇసుక తెచ్చి ఇంట్లో కుమ్మరించినట్టన్నమాట. తడి బురద ఘనపు మీటరుకు టన్నున్నర పైనే తూగుతుంది కాబట్టి ఆ ఇంట్లో ఉన్నది నాలుగున్నర టన్నులు. పార, బకెట్, చీపురు పట్టుకుని ఇంటివాళ్ళే దాన్ని గుమ్మం దాటించాలి.

అలాంటి ఇళ్ళు పది వేలు ఉన్నాయనుకుంటే 45 వేల టన్నులు. విజయవాడలో మామూలు రోజుల్లో పోగయ్యే చెత్త రోజుకు సుమారు 500 టన్నులు. అంటే మూడు నెలల చెత్త ఒకే వారంలో వీధిలోకి వచ్చి పడుతుంది. ఇది అధికారిక అంచనా కాదు, సమస్య ఎంత పెద్దదో తెలియడానికి వేసిన కాగితం లెక్క. పరుపులు, చెక్క సామాను, ఫ్రిజ్‌లు, తడిసిన బియ్యం బస్తాలు ఇందులో ఇంకా కలపనే లేదు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు బుడమేరు వాగు పొంగి, మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, ఊర్మిళానగర్, ఇలా నగరంలో పల్లపు భాగం చాలావరకు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. అదే సమయంలో కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. బ్యారేజీ చరిత్రలో అంత ప్రవాహం అంతకుముందు లేదు. ఈ విషయాలన్నీ పత్రికల్లో, టీవీల్లో గంట గంటకూ వచ్చాయి. సైన్యం సాయంతో, రాళ్ళు నింపిన ఇనుప వల బుట్టలు పేర్చి గండ్లు పూడ్చేదాకా కెమెరాలు కదల్లేదు. నీళ్ళు తీశాక మొదలైన పని మాత్రం పెద్దగా వార్త కాలేదు. బురద ఎత్తడంలో చూడ్డానికి ఏముంటుంది?

నిజానికి చూడాల్సింది చాలానే ఉంది.

దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. అక్కడ మిగిలినవి శవాలు, పశువుల కళేబరాలు, కూలిన చెట్లు, తాటాకు కప్పులు, మట్టి గోడలు. మనసును పిండేసే దృశ్యమే, కానీ ఆ శిథిలాల్లో ఎక్కువ భాగం మట్టిలోంచి వచ్చి మట్టిలో కలిసేదే. యాభై ఏళ్ళు తిరక్కుండానే కృష్ణా తీరంలో ఇంటి సామాను మారిపోయింది. వాంబే కాలనీలో ఒక చిన్న ఇంట్లో కూడా టీవీ, ఫ్రిజ్, కూలర్, ఇన్వర్టర్ బ్యాటరీ, ప్లైవుడ్ అల్మరా, ఫోమ్ సోఫా ఉంటాయి. ఇవి కుళ్ళవు, కరగవు, ఒకదానితో ఒకటి కలిస్తే విడదీయడం కష్టం. పేదవాడి ఇల్లు మునిగినా ఇప్పుడు మిగిలేది పారిశ్రామిక వ్యర్థమే.

ఒక్కో వస్తువుదీ ఒక్కో కథ. దూది పరుపు పొడిగా ఉన్నప్పుడు ఒక మనిషి భుజాన వేసుకుని మేడ ఎక్కేస్తాడు. అదే వారం రోజులు మురుగునీళ్ళలో నానాక నలుగురు నాలుగు మూలలూ పట్టినా లేవదు, బలంగా లాగితే మధ్యకు చిరిగిపోతుంది. ఎండబెడితే పైన పొరలు ఆరతాయి, లోపల బూజు అలాగే ఉంటుంది. దాన్ని డాబా మీద పది రోజులు ఎండేసి మళ్ళీ వాడుకునేవాళ్ళు ఉంటారు. కొత్తది కొనే స్తోమత లేకపోతే మరేం చేస్తారు? చెక్క పొట్టుతో చేసిన అల్మరాల సంగతి వేరు. అవి నీళ్ళు పీల్చి ఉబ్బి, తలుపు తీయబోతే బిస్కెట్ ముక్కలా విరిగి చేతిలోకి వస్తాయి. ఇనుప బీరువా మాత్రం కడిగి, తుడిచి, నూనె రాస్తే నిలబడుతుంది. పాతకాలపు టేకు మంచాలు కూడా అంతే.

ఇక ఫ్రిజ్. కరెంటు లేకుండా వారం రోజులు మూసి ఉన్న ఫ్రిజ్ తలుపు తీయడం ఎంత పొరపాటో తీసినవాళ్ళకే తెలుసు. 2005లో అమెరికాలో కత్రినా తుపాను తర్వాత న్యూ ఓర్లీన్స్ వీధుల్లో లక్షల ఫ్రిజ్‌లు తలుపులకు టేపు చుట్టి బయట నిలబెట్టారు, లోపల కుళ్ళిందంతా అలాగే ఉంచి. విజయవాడలో ఫ్రిజ్‌ను అంత సులువుగా వదులుకోరు. ఈఎంఐ ఇంకా కడుతూ ఉండవచ్చు. మెకానిక్ వచ్చి చూసి పనికిరాదని చెప్పేదాకా అది ఇంటి ముందే ఉంటుంది. ఆ తర్వాత పాత సామాన్ల బండికి వెళ్తుంది. అక్కడ రాగి గొట్టం కోసం పైపు కోసేస్తారు. లోపలి గ్యాస్ గాలిలో కలిసిపోతుంది, కొత్త మోడళ్ళలో అయితే అది మండే గ్యాస్. ఎలక్ట్రానిక్ వ్యర్థాలను రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలదేనని 2022 నిబంధనలు చెబుతున్నాయి. కానీ వరద వచ్చిన వారంలో సింగ్‌నగర్ సందులోకి వచ్చేది పాత సామాన్ల బండే. 2024లో గృహోపకరణాలను కంపెనీల చేత రిపేరు చేయించే ప్రయత్నం ప్రభుత్వం చేసింది. సాయం కిందే దాన్ని చూశారు గానీ, చెత్తను తగ్గించే పని కూడా అదే. బాగుపడి ఇంట్లోకి వెళ్ళిన ప్రతి వాషింగ్ మెషీన్ యార్డుకు వెళ్ళని వాషింగ్ మెషీన్.

ఇక బురద. పొలంలో వేసిన మేట అయితే ఒండ్రు, అది సారవంతమని సంతోషించే రైతులు కూడా ఉంటారు. నగరంలో ఇంట్లోకి వచ్చేది అది కాదు. అందులో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన మట్టి ఉంది, పొంగిన మురుగు కాలువ ఉంది, సెప్టిక్ ట్యాంకుల్లోంచి వచ్చింది ఉంది, కిరాణా కొట్టులో నానిన పప్పూ బియ్యం ఉన్నాయి, మెకానిక్ షెడ్డు ఆయిల్ ఉంది. తడిగా ఉన్నప్పుడు వాసన, ఆరాక దుమ్ము. తడిగా ఉండగా ఎత్తడం బరువు, ఆరాక ఎత్తితే ఊపిరితిత్తులకు చేటు. మధ్యలో ఒకటి రెండు రోజులు, కాస్త గట్టిపడి పారకు అందే స్థితి ఉంటుంది. అనుభవమున్న పారిశుధ్య మేస్త్రీలు ఆ సమయం కోసమే చూస్తారు.

బ్లీచింగ్ పౌడర్ విషయంలో ఒక అపోహ బలంగా ఉంది. వీధంతా తెల్లగా చల్లేస్తే క్రిములు పోయినట్టే అనుకుంటారు, చల్లకపోతే కార్పొరేషన్ వాళ్ళు రాలేదని గొడవ. బురద మీద చల్లిన బ్లీచింగ్‌లో క్లోరిన్ ఆ బురదలోని కుళ్ళుతో కలిసి అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. ముందు బురద తీయాలి, తర్వాత నీళ్ళతో కడగాలి, ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్ళు. ఈ వరస తప్పితే మిగిలేది ఘాటు వాసనే. టాయిలెట్ కడిగే యాసిడ్, బ్లీచింగ్ కలిపి వాడితే విషవాయువు పుడుతుంది, కిటికీ లేని బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఎలుక మూత్రం కలిసిన నీటిలో, బురదలో చెప్పుల్లేకుండా పనిచేసేవాళ్ళకు లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం వచ్చే ముప్పు ఉంది. 2018 వరదల తర్వాత కేరళలో శుభ్రం చేసే పనిలో దిగినవాళ్ళకు ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ మాత్రలు ఇచ్చారు. విజయవాడకు 2024లో ఇతర పట్టణాల నుంచి వేలాదిగా పారిశుధ్య కార్మికులను రప్పించారు. ఇలాంటప్పుడు బూట్లు, గ్లవ్స్, మాత్రలు, రాత్రి పడుకునే చోటు బడ్జెట్‌లో ముందు వరసలో ఉండాలి. మనకు అవి గుర్తొచ్చేది చివర్లో, సన్మాన సభలో శాలువాతో పాటు.

ఇళ్ళు, వీధులు కడగడానికి ఫైరింజన్లు తెచ్చారు. మంచి ఆలోచనే, జనానికి పెద్ద ఊరట కూడా. బయటి బురద కాళ్ళతో మళ్ళీ లోపలికి వచ్చే స్థితిలో, పైపు వేగానికి పావుగంటలో గది నేల కనిపించింది. కానీ ఆ కడిగిన బురద ఎక్కడికి పోయింది? గుమ్మం దాటి సైడు కాలువలోకి. సైడు కాలువ నుంచి పెద్ద డ్రైనులోకి. పార పట్టి ఎత్తితే ట్రాక్టర్‌లోకి వెళ్ళాల్సిన యూనిట్ బురదలో కొంత భాగం ఇలా కాలువల్లోకే చేరుతుంది. ఆ తర్వాత వచ్చే చిన్న వానకే వీధి మునిగితే, కాలువలో పూడిక తీయలేదని తిట్టుకుంటాం. ఆ పూడికలో మన ఇంటి బురద కూడా ఉంది. అందుకే ఎక్కడ చేసినా వరస ఒకటే ఉండాలి. ముందు పొడిగా గోకి ఎత్తడం, తర్వాత కడగడం, కడిగిన వెంటనే ఆ వీధి కాలువ పూడిక తీయడం. మూడు పనులూ మూడు వేర్వేరు బృందాలు, మూడు వేర్వేరు రోజుల్లో చేస్తే ఒకరి పనిని ఇంకొకరు పాడుచేసుకున్నట్టే.

జేసీబీ దిగాక కథ మారుతుంది

నీళ్ళు తీసిన మొదటి రెండు రోజులు ఇంటి ముందు కుప్పలు విడివిడిగానే ఉంటాయి. ఇంటావిడ పరుపులు ఒకవైపు వేస్తుంది, గిన్నెలు కడగడానికి ఇంకోవైపు పెడుతుంది, తడిసిన పుస్తకాలూ సర్టిఫికెట్లూ కిటికీ ఊచలకు ఆరేస్తుంది. బురద ఒక చోట పోగు. అంటే వేరు చేసే పని సగం ఇంటివాళ్ళే చేసి పెట్టారు, పైసా ఖర్చు లేకుండా. మూడో రోజు జేసీబీ వచ్చి వీధి పొడవునా ఒకే ఊపులో తోసుకుపోతుంది. ఒక్క తొట్టిలో బురద, పరుపు, ప్లైవుడ్, బ్యాటరీ, మందుల స్ట్రిప్పులు, పగిలిన సిమెంట్ రేకు కలిసిపోతాయి. ఆ క్షణం నుంచి దానికి ఏ విలువా లేదు. బురదగా పల్లం పూడ్చడానికి పనికిరాదు, చెక్కగా కాల్చడానికి పనికిరాదు, ఇనుముగా అమ్మడానికి పనికిరాదు.

సిమెంట్ రేకుల గురించి ఒక మాట. పాత రేకుల్లో చాలావరకు ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. రేకు పూర్తిగా ఉంటే భయం లేదు. జేసీబీ పంటి కింద పొడయ్యి, ఆరి, ఆ పొడి గాలిలో లేస్తేనే ప్రమాదం. తడిగా ఉండగానే ముక్కలు చేయకుండా ఎత్తి, సంచిలో కట్టి విడిగా పెట్టడం తప్ప దీనికి పెద్ద సాంకేతికత ఏమీ అక్కర్లేదు. ఆ పని ఎవరు చేయాలో చెప్పేవాళ్ళే ఉండరు.

మరి జేసీబీ ఎందుకంత తొందరపడుతుంది? వీధి ఖాళీ అయినట్టు కనిపించాలి. అంబులెన్సు రావాలి, నీళ్ళ ట్యాంకర్ రావాలి, మంత్రి గారి కారు కూడా రావాలి. ఆ తొందరలో న్యాయం ఉంది. తప్పంతా యంత్రం నడిపేవాడి మీద తోసేయడం సరికాదు. ట్రాక్టర్లు రెండు రకాలుగా పంపితే, ఒకటి బురదకు, ఒకటి సామానుకు, అదే జేసీబీ అదే వేగంతో రెండుసార్లు తిరుగుతుంది. రోజుకు ఒక రకం అని ముందురోజు మైకులో చెప్పినా చాలు. చెత్తబండి రోజూ పాట పెట్టుకుని తిరిగే ఊరికి ఇదేమంత కొత్త విషయం కాదు.

ఇక్కడే ఎవరూ పెద్దగా మాట్లాడని చిక్కు ఒకటుంది. మునిగిన సామాను చెత్త మాత్రమే కాదు, సాక్ష్యం కూడా. 2024లో ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇళ్ళకు 25 వేల రూపాయలు, పై అంతస్తులవాళ్ళకు 10 వేలు ప్రకటించింది. ద్విచక్ర వాహనానికి 3 వేలు, ఆటోకు 10 వేలు. దీనికి ఎన్యూమరేషన్ జరగాలి, అంటే సిబ్బంది ఇంటికొచ్చి చూసి రాసుకోవాలి. శానిటేషన్ వాళ్ళు వచ్చి కుప్ప తీసేస్తామంటారు. ఎన్యూమరేషన్ వాళ్ళు ఇంకా రాలేదు. తీసేస్తే నష్టం ఏం చూపించాలి? తీయకపోతే ఇంట్లో ఉండలేరు. ఆ టెన్షన్‌లో జనం కుప్పను కాపలా కాస్తారు. బయటివాళ్ళకు అది బాధ్యత లేనితనంలా కనబడుతుంది. వాహనాల ఇన్సూరెన్సులోనూ ఇదే తంతు, సర్వేయర్ వచ్చి చూసేదాకా బండిని కదపడానికి యజమానికి ధైర్యం చాలదు. ఫోనులో తీసిన ఫొటో, తేదీ, ఇంటి నంబరు ఉంటే చాలని మొదటి రోజే, రాతపూర్వకంగా, వార్డు సచివాలయం గోడ మీద అంటిస్తే వీధులు చాలా త్వరగా ఖాళీ అవుతాయి. నష్టం రాసుకునే బృందం ముందు, చెత్త ఎత్తే బృందం వెనక, ఒకే వీధిలో ఒకే రోజు నడిస్తే ఇంకా మంచిది. రెండూ రెండు శాఖల పనులు కావడమే ఇక్కడ అసలు అడ్డంకి.

మెరక తోలించుకునేవాళ్ళు

ట్రాక్టర్ నిండాక ఎక్కడికి పోవాలి? పాత గోడలు పడగొట్టిన ఇటుక ముక్కలూ సిమెంటు పెళ్ళలూ ఉన్న లోడును లారీవాళ్ళు రబ్బిష్ అంటారు. దానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. పల్లపు స్థలం కొన్నవాళ్ళు ఫోన్ చేసి మరీ వేయించుకుంటారు. దీన్నే మెరక తోలించుకోవడం అంటాం. విజయవాడ పడమర, ఉత్తర శివార్లలో సగం ప్లాట్ల పునాది ఇలాగే తయారైందంటే అతిశయోక్తి కాదు. వరద తర్వాత డ్రైవరుకు దగ్గరలో దిక్కు చూపించేది ఈ పల్లాలే. డంపింగ్ చోటు దూరమైతే రోజుకు మూడు ట్రిప్పులే పడతాయి, పక్కనే ఉన్న ఖాళీ స్థలంలో పోస్తే పది. డబ్బు ట్రిప్పు లెక్కన ఇస్తే అతను ఏం చేస్తాడో ఊహించడం కష్టమేమీ కాదు.

ఆ పల్లాలు ఊరికే పల్లాలు కావు, బుడమేరు నీళ్ళు విశ్రాంతి తీసుకునే చోట్లు. ఎగువ మైలవరం వైపు కొండల నుంచి దిగి కొల్లేరు దాకా పోయే ఈ ఏరుకు విజయవాడ దగ్గర వాలు తక్కువ. నీళ్ళు పరుగెత్తవు, పరుచుకుంటాయి. ఎవరి ప్లాటు వాళ్ళు నాలుగడుగులు మెరక చేసుకుంటే, అక్కడ నిలవాల్సిన నీళ్ళు మెరక చేసుకోలేని పక్కింట్లో నిలుస్తాయి. వరద చెత్తనే తెచ్చి ఈ పల్లాల్లో పోస్తే ఒక వరద ఇంకో వరదకు అడ్డుకట్ట కట్టిపెట్టినట్టు. అది గట్టి మట్టి కూడా కాదు, లోపల పరుపులూ చెక్కలూ కుళ్ళి కొన్నేళ్ళకు కుంగుతుంది. దాని మీద లేచిన గోడ చీలితే మేస్త్రీని తిడతారు. కాలువ గట్ల మీద పోసినదైతే ఇంకా త్వరగా వెనక్కి వస్తుంది. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు మూడూ నగరం మధ్యలోంచే పోతున్నాయి. గట్టు మీద కుప్ప నీళ్ళలోకి జారడానికి ఒక రాత్రి వాన చాలు.

మరి చెత్త ప్లాంటుకు పంపకూడదా? విజయవాడ, గుంటూరు చెత్త కోసం కొండవీడు దగ్గర జిందాల్ సంస్థ 15 మెగావాట్ల విద్యుత్ ప్లాంటు నడుపుతోంది. అది చెత్తను కాల్చి కరెంటు తీస్తుంది. తడి బురద మండదు సరికదా, పొయ్యి వేడిని తినేస్తుంది, మట్టి, ఇసుక బూడిదను పెంచుతాయి. విడిగా ఆరిన చెక్క, పరుపుల గుడ్డ, ప్లాస్టిక్ వెళ్తే దానికి మేతే. అంటే ఆ ప్లాంటు ఉపయోగపడాలన్నా తిరిగి మొదటి ప్రశ్నకే వస్తాం, వీధిలో విడిగా ఎత్తారా లేదా అని.

నీళ్ళ మీద తేలివచ్చిన శిథిలం కూడా ఒకటుంది, దాని గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంది. ఎగువన కట్టేసిన భారీ ఇనుప పడవలు తెగి వచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దాయి, గేట్లకు సమతూకంగా ఉండే బరువు దిమ్మెలు, అంటే కౌంటర్ వెయిట్‌లు దెబ్బతిన్నాయి. వాటిని గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో త్వరగానే మార్చారు. పడవలు మాత్రం లొంగలేదు. క్రేన్లతో లేపబోతే కదల్లేదు, నీళ్ళలో మునిగి ముక్కలుగా కోయబోయారు, చివరికి వేరే పడవలకు ఇనుప దూలాలు కట్టి, గొలుసులతో లాగి ఒడ్డుకు చేర్చేసరికి సెప్టెంబరు మూడో వారం వచ్చింది. ఒక్కో పడవా నలభై టన్నుల పైమాటే అన్నారు. సింగ్‌నగర్ లెక్కలో అది పది ఇళ్ళ బురద. పది ఇళ్ళ బరువు ఒకే చోట, ఒకే ముద్దగా ఉంటే ఇంజనీర్లు, డైవర్లు, టీవీ కెమెరాలు అన్నీ వస్తాయి. అదే బరువు పది వంటిళ్ళలో పరుచుకుంటే చీపురు వస్తుంది. కుట్ర కోణంతో సహా ఆ పడవల మీద జరిగిన రాజకీయ చర్చలో పదో వంతు బురద మీద జరగలేదు.

మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయింది కూడా ఆ వానలోనే, ఆగస్టు 31న. బండరాళ్ళ శిథిలం తీరు పూర్తిగా వేరు. తొందరపడి కింది రాయిని లాగితే పైది జారుతుంది. పేల్చడానికి వీల్లేదు, చుట్టూ ఇళ్ళే. బ్రేకర్‌తో పై నుంచి కొద్దికొద్దిగా పగలగొట్టాలి. ఆ రాయి మాత్రం చెత్త కాదు, కంకరకూ, గట్లు కోసుకుపోకుండా పేర్చే రాతి కట్టుడుకూ నేరుగా పనికొస్తుంది.

ముందే తెలిసిన ఊరు

2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన సునామీ రెండు కోట్ల టన్నుల శిథిలాలను, ఇంకో కోటి టన్నుల సముద్రపు బురదను మిగిల్చింది. ఫుకుషిమాలో కొంత భాగం మినహా దాన్నంతా మూడేళ్ళలో, 2014 మార్చికల్లా తేల్చేశారు. హిగాషి మత్సుషిమా అనే చిన్న పట్టణం తన వాటాలో 95 శాతం పైగా తిరిగి వాడకంలోకి తెచ్చింది. జపాన్ కదా, వాళ్ళ దగ్గర యంత్రాలుంటాయి అనుకుంటాం. అక్కడ ఎక్కువ పని చేసింది చేతులే. సునామీలో బతుకుతెరువు పోయిన స్థానికులకే కూలి ఇచ్చి కుప్పలు ఏరించారు. ముందే వేరు చేయాలన్న పాఠాన్ని ఆ పట్టణానికి 2003లో వచ్చిన ఒక భూకంపం నేర్పింది. అప్పుడు అంతా కలిపి పోసి, తర్వాత వేరు చేయలేక, ఖర్చు తడిసి మోపెడైంది. ఎనిమిదేళ్ళ తర్వాత సునామీ వచ్చినప్పుడు మొదటి రోజు నుంచే రకాల వారీగా పోయించారు.

విజయవాడకూ అలాంటి పాఠం ముందే ఉంది. బుడమేరు 2005లో కూడా నగరాన్ని ముంచింది. ఆ తర్వాత చర్చంతా కాలువ వెడల్పు గురించి, ఆక్రమణల గురించి. అది అవసరమే. చెత్త ఎక్కడ పోయాలన్నది ఆ చర్చలోకి రాలేదు. ఏరి బతికే చేతులకు ఇక్కడ కొరత లేదు. పాత ఇనుము, ప్లాస్టిక్, అట్టలు ఏరి బతికే కుటుంబాలు పల్లపు కాలనీల్లోనే ఉన్నాయి, వాళ్ళ ఇళ్ళూ మునిగాయి. ఆటోనగర్‌లో ఏ ఇనుము ఏ రేటుకు పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళున్నారు. ఈ జనానికి గ్లవ్స్, రోజు కూలి ఇచ్చి ఒక చోట కూర్చోబెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

చట్టాల సంగతికొస్తే అక్కడ ఒక ఖాళీ ఉంది. కట్టడాల వ్యర్థాల మీద కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది. వాటి స్థానంలో 2025లో కొత్తవి ప్రకటించింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. కొత్తవాటిలో ప్రకృతి వైపరీత్యాల వల్ల వచ్చే వ్యర్థాలకు మినహాయింపు ఇచ్చారు. ఆపద వేళ గడువులూ రిజిస్ట్రేషన్లూ అంటూ కాళ్ళకు బంధాలు వేయకూడదన్నది ఉద్దేశం కావచ్చు. ఫలితం మాత్రం ఒకటే, మామూలు రోజుల్లో ఒక గోడ కూల్చినా దానికి రూలు ఉంది, వరదకు వెయ్యి గోడలు కూలితే లేదు. విపత్తు నిధి నిబంధనల్లో శిథిలాల తొలగింపుకు ఖర్చు పెట్టే వీలుంది. పొలంలో మూడు అంగుళాలకు మించి మేట వేస్తే దాన్ని తీయడానికి హెక్టారుకు 18 వేల రూపాయలని 2022-26 కాలానికి లెక్క కూడా కట్టారు. ఇంట్లో మూడు అంగుళాలకు అలాంటి లెక్క లేదు. రైతుకు ఇచ్చింది ఎక్కువని కాదు. పొలంలో బురదను కొలిచే స్కేలు ఉందన్న సంగతి నగరాలకు ఇంకా తోచలేదు.

చివరికి అన్నీ ఒక చోటు దగ్గర ఆగుతాయి. మళ్ళీ కాగితం లెక్కే వేద్దాం. 45 వేల టన్నుల బురద అంటే దాదాపు 28 వేల ఘనపు మీటర్లు. రెండు మీటర్ల ఎత్తున పేర్చినా మూడున్నర ఎకరాలు కావాలి. బురద ఒకవైపు, చెక్క ఒకవైపు, ఇనుము, ఎలక్ట్రానిక్స్ ఇంకోవైపు, మధ్యలో టిప్పర్లు తిరిగే దారి, మురుగునీరు కిందికి దిగకుండా అడుగున పట్టా వేస్తే పదెకరాలకు తగ్గదు. అది ఎత్తులో ఉండాలి, మునిగిన కాలనీలకు దగ్గరగా ఉండాలి, ఇళ్ళకు దూరంగా ఉండాలి. మే నెలలో మ్యాపు మీద గీత గీసి, తూకం కాటా పెట్టి, ట్రిప్పుకు కాకుండా టన్నుకు ధర కట్టి, ట్రాక్టర్లవాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. సెప్టెంబరులో వెతికితే దొరికే ఖాళీ స్థలం మునిసిపల్ స్కూలు గ్రౌండు ఒక్కటే, అప్పటికే అక్కడ పునరావాస కేంద్రం నడుస్తూ ఉంటుంది. పాత డంపింగ్ యార్డు సింగ్‌నగర్‌లోనే ఉండేది. అందులో ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తను బయోమైనింగ్‌లో జల్లెడ పట్టి తీయాల్సి వచ్చింది, పైగా అది వరద మునకలోనే ఉన్న చోటు. జక్కంపూడి వైపు ఖాళీ ఉంది కదా అంటారు. 2024లో జక్కంపూడి కాలనీవాళ్ళు కూడా మేడ మీద నిలబడి పడవ కోసమే చూశారు.